ఆఖరి కాపు ఎప్పుడు కోయాలి?

ప్రశ్న: అయ్యా, మాది అనంతపురం పట్టణ శివారు. ఇంటి వెనక రెండు సెంట్ల పెరడు ఉంది. నవంబరు నెలాఖరులో నాటిన ఇరవై నాలుగు టమాటా మొక్కలు ఇంకా పూస్తూ, కాస్తూ ఉన్నాయి. వీటితోపాటు ఎనిమిది వంగ మొక్కలు, పన్నెండు మిరప మొక్కలు, ఒక సొర పాదు, చిక్కుడు పందిరి, రెండు వరుసల గోరుచిక్కుడు, ఒక గుమ్మడి తీగ, కొద్దిగా ముల్లంగి, ఆకుకూరలు ఉన్నాయి. శివరాత్రి దాటినప్పటి నుంచి బోరులో నీళ్ళు తగ్గాయి. అరగంట నడిస్తే చాలు, గాలి కొడుతోంది. ఏప్రిల్ 20న మేమిద్దరం అమెరికాలో మిన్నెసోటాలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి, అక్టోబరు రెండో వారంలో తిరిగి వస్తాం. ‘ఇక్కడ మంచు పట్టకముందే పచ్చికాయలతో సహా అన్నీ కోసి ఇంట్లో మాగబెడతాం, నువ్వూ అలాగే చెయ్యమ్మా’ అని అమ్మాయి అంటోంది. ‘పచ్చికాయలు ఎందుకు కోస్తావు, చెట్టునే పండనీ, నీళ్ళు నేను పోస్తాలే’ అని పక్కింటి అక్క అంటోంది. ఎవరి మాట వినాలి? కోసినవన్నీ ఏం చేసుకోవాలి? ఖాళీ అయిన మడులను ఆరు నెలలు ఎలా వదిలి వెళ్ళాలి?
— ఒక గృహిణి, అనంతపురం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం మార్చి మొదటి వారంలో చేరింది. ప్రయాణానికి ఇంకా ఆరు వారాల పైచిలుకు గడువు ఉంది కాబట్టి తొందరపడి ఏ మొక్కనూ పెరకవలసిన పని లేదు. అలాగని చివరి వారం దాకా చూస్తూ కూర్చుంటే మాత్రం సగం కాపు ఎండకు, మిగతా సగం ఉడుతలకు పోతుంది. మీ అమ్మాయి చెప్పిన పద్ధతి మంచిదే, అయితే దానికి అక్కడి కారణం వేరు, ఇక్కడి కారణం వేరు. పక్కింటి అక్కగారి మాట టమాటా విషయంలో చెల్లదు గాని, వంగ విషయంలో మాత్రం ఆమె పోస్తానన్న ఆ రెండు బిందెల నీళ్ళు మీకు ఎంతో ఉపయోగపడతాయి. అది ఎలాగో తరువాత చెబుతాను.

మంచు పట్టే ప్రాంతాల్లో ఆఖరి కోత ఒక్క రాత్రితో ముడిపడిన వ్యవహారం. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగినప్పుడు ఆకుల్లోని నీరు గడ్డకట్టి కణాలు చిట్లిపోతాయి. తెల్లవారి ఎండ తగిలేసరికి టమాటా, వంగ, మిరప, సొర, చిక్కుడు వంటి మొక్కలు మరిగే నీళ్ళు పోసినట్లు నల్లబడి వాలిపోతాయి. ఆ రాత్రి ఎప్పుడు వస్తుందో వాతావరణ శాఖ ఒకటి రెండు రోజుల ముందు చెబుతుంది కాబట్టి, ముందురోజు సాయంత్రం బుట్టలు తీసుకుని ఉన్నదంతా కోసేస్తారు. మన రాష్ట్రంలో అటువంటి మంచు చూడాలంటే లంబసింగి కొండల దాకా పోవాలి. అనంతపురం, కడప, కర్నూలు పెరళ్ళలో ఆ భయం లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అన్నారు, మన కూరగాయల తోటకు అసలు గండం ఆ తరువాతే మొదలవుతుంది. ఆ గండం ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. రోజుకు కొంచెం చొప్పున, మొదట పూతను, తరువాత పిందెను, ఆపైన కాయను తీసుకుపోతుంది. అందువల్ల ఆఖరి కోత తేదీని మనకు వాతావరణ శాఖ చెప్పదు. మన బోరు చెబుతుంది, మీ విషయంలో విమానం టికెట్ కూడా చెప్పింది. ఏప్రిల్ 18ని చివరి రోజుగా పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి.

ఈ వెనక్కి లెక్కే మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు. టమాటా పువ్వు విచ్చిన నాటి నుంచి కాయ ఎర్రబడేదాకా సుమారు 45 రోజులు పడుతుంది. అంటే మార్చి మొదటి వారం దాటాక పూసే పువ్వు మీరు విమానం ఎక్కేలోగా పండు కాదు. పైగా పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చబడితే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది, పువ్వు నిలవదు. ఒక గుత్తిని దగ్గరగా చూడండి. ప్రతి పువ్వు తొడిమ మధ్యలో చిన్న మోచేయిలాంటి కణుపు ఉంటుంది. పిందె కట్టని పువ్వుకు ఆ కణుపు పసుపు పచ్చగా మారి ఉంటుంది, వేలితో అలా తాకితే అక్కడికక్కడే ఊడి చేతిలోకి వస్తుంది. ఆ దృశ్యం మొదలైందంటే మొక్క ఇక కొత్త కాపు ఇవ్వదని అర్థం. మరి ఆ పువ్వులకూ కొత్త కొమ్మలకూ నీళ్ళు పోయడం దేనికి? కాబట్టి ఈ వారమే టమాటా మొక్కల తలలు తుంచేయండి. కొత్త పూగుత్తులను, పక్క పిలకలను గిల్లి వేయండి. మొక్క బలమంతా ఉన్న కాయల మీదికి మళ్ళుతుంది. కింది ఆకులు మాత్రం, పండుబారినవైనా సరే, తెగులు లేకపోతే తీయవద్దు. కాయకు అవే గొడుగు. ఆకు పోయిన వైపు కాయ మీద ఎండదెబ్బ తగిలి తెల్లటి కాగితంలాంటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ నుంచే కుళ్ళు మొదలవుతుంది.

మిగతా పంటలకూ ఇదే లెక్క వేసి చూస్తే ఎవరికి నీళ్ళు పోయాలో, ఎవరికి ఆపాలో మీకే తెలిసిపోతుంది. బెండ పువ్వు పూసిన అయిదారు రోజులకు కాయ చేతికి వస్తుంది. సొర పిందె లేత కాయ కావడానికి రెండు వారాలు చాలు. గోరుచిక్కుడు కూడా అంతే, పైగా అది ఎండకు, నీటి ఎద్దడికి బాగా ఓర్చుకునే పంట. కనుక నీళ్ళు తగ్గేకొద్దీ నలభై అయిదు రోజుల వాటిని ముందు విడిచిపెట్టి, వారం పది రోజుల వాటిని చివరిదాకా నిలుపుకోవాలి. చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. టమాటా మీద మమకారంతో దానికి నీళ్ళు పోసి, గోరుచిక్కుడును ఎండబెడతారు. మడి చదరపు మీటరుకు ఈ నెలలో రోజుకు అయిదారు లీటర్లు, ఏప్రిల్‌లో ఏడెనిమిది లీటర్లు ఆవిరైపోతాయి. మీ రెండు సెంట్లు అంటే ఎనభై చదరపు మీటర్లు, దారులు, గట్లు పోను యాభై చదరపు మీటర్ల మడి అనుకున్నా ఏప్రిల్‌లో రోజుకు రెండు డ్రమ్ముల నీళ్ళు కావాలి. గాలి కొట్టే బోరు మీద అంత భారం వేయవద్దు. మొదళ్ళ చుట్టూ రెండంగుళాల మందాన వేరుసెనగ పొట్టు, అదే మన బుడ్డల పొట్టు పరచి, సాయంత్రం పూట మొదట్లోనే నీళ్ళు పోస్తే సగం నీళ్ళతో గడుస్తుంది. చెదలున్న చోట మాత్రం పొట్టు మొక్క కాండానికి తగలకుండా బెత్తెడు ఎడం ఉంచండి.

ఇప్పుడు టమాటా కోత సంగతి. చెట్టున పండిన కాయకే రుచి అనే మాట చలికాలానికి సరిపోతుంది గాని చైత్రంలో సరిపోదు. కాయకు ఎర్రరంగు తెచ్చే లైకోపిన్ అనే పదార్థం 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారు కాదు. అందుకే వేసవిలో చెట్టున వదిలిన కాయలు ఎంతకీ ఎర్రబడక, పాలిపోయిన పసుపు, నారింజ రంగుల దగ్గరే ఆగిపోయి మెత్తబడతాయి. కాయ అడుగున, అంటే పువ్వు ఊడిన చోట, నాణెమంత మేర గులాబీ చాయ తిరగగానే కోసి నీడకు చేర్చితే, చెట్టున పండిన దానికి ఏమాత్రం తీసిపోకుండా పండుతుంది. ఆ చాయ తిరిగిన నాటికే కాయకు మొక్క నుంచి రావలసినదంతా వచ్చేసి ఉంటుంది. కనుక రోజు విడిచి రోజు, పొద్దు ఎక్కకముందే, దోరకాయలన్నీ కోస్తూ పోండి. ఉడుతలు కూడా ఎర్రకాయ కోసమే వస్తాయి, దోరకాయ జోలికి అంతగా రావు.

ఏప్రిల్ 12, 13 తేదీలకు చెట్ల మీద పూర్తి పచ్చికాయలే మిగులుతాయి. వాటిలో పండేవి ఏవి, పండనివి ఏవి అన్నది పైకి చూసి చెప్పడం కష్టం. ఒకే గుత్తిలో ఒకే పరిమాణంలో ఉన్న రెండు మూడు కాయల్లో ఒకదాన్ని పదునైన కత్తితో అడ్డంగా కోయండి. గింజల చుట్టూ జిగురు పట్టి, కత్తి తగిలినా గింజ తెగకుండా పక్కకు జారిపోతే ఆ కాయ పక్వానికి వచ్చినట్టే, దాని తోటివి ఇంట్లో పండుతాయి. గింజ కత్తికి తెగి, కాయలోని గింజల గదిలో జిగురు లేకుండా గట్టిగా తెల్లగా ఉంటే ఆ కాయలు ఎన్నాళ్ళు ఉంచినా పండవు, ముడుచుకుపోతాయి. అటువంటివాటిని ఆనాడే వంటింటికి పంపండి. వేయించిన బుడ్డలు, పచ్చిమిరపకాయలు వేసి నూరిన పచ్చి టమాటా ఊరుబిండి రాగిసంగటిలోకి ఉంటే వేరే కూర అడిగేవారుండరు. అడుగు నల్లబడిన కాయలు కొన్ని కనబడవచ్చు. అది తెగులు కాదు, నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడం వల్ల కాయకు సున్నం అందక వచ్చే లోపం. నల్లటి భాగం తీసేసి మిగిలినది వాడుకోవచ్చు గాని, మాగబెట్టే కాయల్లో మాత్రం కలపవద్దు.

మాగబెట్టడంలోనే మీ అమ్మాయి పద్ధతిని కొంత మార్చుకోవాలి. అక్కడివారు మొక్కను వేళ్ళతో సహా పెరికి చల్లని గ్యారేజీలో తలకిందులుగా వేలాడదీస్తారు, కాయలు నెల రోజులపాటు మెల్లగా పండుతాయి. మన పొడిగాలిలో అలా చేస్తే రెండు మూడు రోజులకే కాయ తోలు ముడతలు పడుతుంది. మనకు ఇంట్లో చల్లని చోటు కావాలి, అయితే అది ఫ్రిజ్ కాకూడదు. పచ్చికాయకు 12 డిగ్రీల కంటే తక్కువ చలి తగిలితే పండే గుణమే దెబ్బతింటుంది. నేనొక ఏడాది నాలుగు కిలోల పచ్చికాయలు ఫ్రిజ్ అడుగు అరలో భద్రంగా దాచి, పది రోజుల తరువాత తీసి చూస్తే ఒక్కటీ ఎర్రబడలేదు సరికదా, ఒంటినిండా గుంటలు పడి, బయట పెట్టిన మరునాటికే నీరు కారాయి. దాని బదులు వెడల్పాటి మట్టి తొట్టిలో ఇసుక పోసి, అందులో దానికంటే చిన్న కుండను కూర్చోబెట్టి, ఇసుకను పొద్దున, సాయంత్రం తడుపుతూ ఉండండి. కుండలో కాయలను తొడిమలు తీసి, కడగకుండా పొడిగుడ్డతో తుడిచి, రెండు వరుసలకు మించకుండా పేర్చి, పైన తడిగుడ్డ కప్పండి. గాలి ఎంత పొడిగా ఉంటే ఇసుకలోని తడి అంత బాగా ఆవిరై కుండ అంత చల్లబడుతుంది, ఆ విషయంలో మన జిల్లా ఎండ మనకే ఉపకారం చేస్తుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఇటుకల గోడల మధ్య తడి ఇసుక నింపి రూపొందించిన, కరెంటు అక్కరలేని కూరగాయల గది కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. తొందరగా పండాలనుకున్న కాయల మధ్య ఒక మాగిన అరటిపండు పెట్టండి. దాని నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు మిగతా కాయలను కూడా పండిస్తుంది. రోజుకొకసారి చూసి, మెత్తబడిన కాయను వెంటనే తీసేయాలి.

ఇన్ని టమాటాలు ప్రయాణం లోపల తినలేరు కాబట్టి ఒరుగుల సంగతి వివరంగా చెబుతాను. ఈ తరంవారు ఒరుగులంటే మామిడి ఒరుగులే అనుకుంటున్నారు గాని, మన పెద్దవాళ్ళు గోరుచిక్కుడు, వంకాయ, కాకర, దోస, టమాటా, ఏది మిగిలితే దాన్ని ఎండబెట్టి దాచారు. కాశ్మీరులో కూడా మంచు కురిసే నెలల కోసం సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలను దండలుగా గుచ్చి ఎండబెట్టి దాచుకుంటారు. వారు చలికి ముందు చేసే పనిని మనం ఎండలు ముదిరేటప్పుడు చేస్తాం, అంతే భేదం. టమాటాను అర అంగుళం మందాన చక్రాలుగా కోసి, పైన కొద్దిగా ఉప్పు చల్లి, స్టీలు పళ్ళాల్లో గాని తెల్లని నూలుబట్ట మీద గాని పరవండి. అల్యూమినియం పళ్ళాలు వద్దు, టమాటా పులుపుకు అవి కరుగుతాయి. పైన దోమతెర బట్ట కప్పి, సాయంత్రం కాగానే ఇంట్లోకి తెచ్చుకోండి. మన ఏప్రిల్ ఎండకు మూడు రోజుల్లో చక్రం పూర్తిగా ఎండి, వంచితే విరుగుతుంది. పది కిలోల కాయలకు ముప్పావు కిలో ఒరుగులు కూడా రావు, ఎందుకంటే టమాటాలో నూటికి తొంభై నాలుగు పాళ్ళు నీళ్ళే. తక్కువ వచ్చాయని దిగులు పడకండి. పప్పులో నాలుగు చక్రాలు వేస్తే చాలు, పులుపు, రుచి రెండూ దిగుతాయి.

గోరుచిక్కుడుకు మాత్రం ఒక ఉడుకు తప్పనిసరి. లేత కాయల మొన, తొడిమ తుంచి, ఉప్పు, పసుపు వేసి మరుగుతున్న నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, రంగు ముదిరిన పచ్చగా మారగానే వడకట్టి ఎండబెట్టాలి. ఆ ఉడుకు లేకుండా ఎండబెట్టిన కాయ గడ్డివాసన వేస్తుంది, నెల తిరిగేలోగా రంగు పోతుంది. రెండో నాటి సాయంత్రానికి కాయ పుల్లలా సన్నబడి, పిడికిట్లో పట్టి కదిపితే గలగలమంటుంది. మూడోనాడు పట్‌మని విరుగుతుంది, అప్పుడు తీయవచ్చు. వేడి చల్లారాకే సీసాలకు ఎత్తండి. వారం తరువాత సీసా లోపలి అంచున చెమట పట్టినట్టు కనిపిస్తే, ఇంకా తడి ఉందని గ్రహించి మరో ఎండ చూపించాలి.

మిరప విషయంలో రెండు దారులు ఉన్నాయి. పచ్చికాయలు కోసి, నిలువుగా గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రి నానబెట్టడం, పగలు ఎండబెట్టడం, మజ్జిగ ఇంకిపోయేదాకా మూడు నాలుగు రోజులు ఇలా చేసి ఊరమిరపకాయలు చేసుకోవడం ఒక దారి. పండుబారిన కాయలను తొడిమతో సహా కోసి ఎండుమిరపకాయలుగా దాచుకోవడం రెండో దారి. పన్నెండు మొక్కలంటే సగం సగం చేసుకోండి.

ముల్లంగి, పాలకూర, కొత్తిమీర ఇప్పటికే ముదిరి ఉంటాయి. ముల్లంగిని ఈ వారమే పెరికేయండి, లేకపోతే బెండు పడుతుంది. పూత ఎత్తిన కొత్తిమీరను కదల్చవద్దు, ఏప్రిల్ మొదటి వారానికి పిడికెడు ధనియాలు ఇస్తుంది. చిక్కుడు చలికాలపు పంట కాబట్టి దానితో కాపు పని ఇక అయిపోయినట్టే. ఎండుకాయలను విత్తనానికి కోసి తీగను కత్తిరించండి. సొరకాయలను, కోస్తావారి మాటలో ఆనపకాయలను, లేతవి వండుకుని, బాగా ఊరిన ఒక్క కాయను విత్తనానికి తీగకే వదలండి. (మనవైపు అనపకాయ అంటే చలికాలంలో పితికిన పప్పుకు వాడే గింజల కాయ. ఈ పేర్ల తేడా వల్ల కోస్తా పాఠకులు ఒకటి రెండుసార్లు నన్ను తప్పుపట్టారు, అందుకే ఈ వివరణ.) గుమ్మడికాయ తోలు గోరు గుచ్చుకోనంత గట్టిపడ్డాక, రెండంగుళాల తొడిమ ఉంచి కోయాలి. తొడిమ పట్టుకుని మోయకూడదు, అది ఊడితే ఆ గుంటలో నుంచే కుళ్ళు మొదలవుతుంది. గాలి ఆడే గదిలో నేల తగలకుండా, రెండు కర్రల మీద పెట్టినా, ఉట్టిలో వేలాడదీసినా రెండు మూడు నెలలు నిలుస్తుంది. మీరు వచ్చేదాకా ఆగదు గనుక అక్కగారికే ఇచ్చి వెళ్ళండి.

ఆ అక్కగారి నీళ్ళు ఉపయోగపడేది వంగకు. వంగ మొక్కను పెరకవద్దు. ప్రయాణానికి వారం ముందు కాయలన్నీ కోసి, మొక్కను మోకాలెత్తున కత్తిరించి, మొదట్లో తట్టెడు చివికిన పేడ ఎరువు వేసి, పైన బుడ్డల పొట్టు కప్పండి. వాలిపోయిన చివుళ్ళున్న కొమ్మల్లో కొమ్మతొలుచు పురుగు ఉంటుంది కాబట్టి కత్తిరించిన వాటిని పెంటలో వేయక కాల్చేయండి. ఆకు లేని మొక్కకు నీటి అవసరం చాలా తక్కువ, ఎనిమిది మొక్కలకూ కలిపి రెండు రోజులకొకసారి రెండు బిందెలు పోస్తే రోహిణి కార్తె గడిచిపోతుంది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయన్న మాట తెలిసిందే, కనుక పడమటి వైపు ఒక కొబ్బరిమట్ట గాని గోనెపట్టా గాని అడ్డం కట్టండి. మృగశిరలో నాలుగు చినుకులు పడగానే మోడుల నుంచి కొత్త చిగుళ్ళు లేస్తాయి. ఆ కాపు అక్కగారిది అని ముందే చెప్పండి, నీళ్ళు తప్పకుండా పడతాయి.

విత్తనం కట్టే ముందు ఒక సంగతి చూసుకోండి. మీరు ప్యాకెట్ కొని నారు పోసిన హైబ్రిడ్ టమాటా, మిరప అయితే వాటి గింజలు దాచి ప్రయోజనం లేదు, పిల్లమొక్కలు తల్లిని పోలవు. నాటు రకాలవైతేనే దాచండి. టమాటా గింజలను జిగురుతో సహా ఒక గ్లాసులో రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడన ఆరబెట్టాలి. వంకాయ పసుపు పచ్చగా పండిన తరువాతే గింజ తీయాలి. ఆరిన గింజలను కట్టెల బూడిదతో కలిపి మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టండి. వీటిని అమ్మాయి పెరట్లో వేద్దామని పెట్టెలో పెట్టుకుని వెళ్ళవద్దు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని విత్తనాలను అమెరికా విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఒరుగులు, ఊరమిరపకాయలు తీసుకెళ్ళేటట్టయితే ఆహార పదార్థాలు ఉన్నాయని అక్కడి అధికారులకు ముందే చెప్పాలి.

ఇక ఖాళీ మడులు. టమాటా మొక్కలను పెరికేటప్పుడు వేళ్ళను మట్టి దులిపి చూడండి. సన్నని వేళ్ళ పొడుగునా రాగిగింజల్లాంటి ఉబ్బులు ఉండి, గోటితో గీకినా ఊడిరాకపోతే అవి నులిపురుగుల పని. ఆ వేళ్ళను ఎండబెట్టి కాల్చండి. చిక్కుడు, గోరుచిక్కుడు వేళ్ళకు కూడా బుడిపెలు ఉంటాయి గాని, అవి రుద్దితే రాలిపోతాయి, చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇచ్చేవి అవే కాబట్టి ఆ మొక్కలను పెరకకుండా నేల మట్టానికి కోసి, వేళ్ళను మట్టిలోనే ఉండనివ్వండి.

నులిపురుగులున్నా లేకపోయినా, వంగ మడి తప్ప మిగిలిన మడులన్నిటికీ ఎండ వైద్యం చేసి వెళ్ళమని నా సలహా. ఏప్రిల్ 16, 17 తేదీల్లో మడిని పారతో తిరగేసి, గడ్డలు చితగ్గొట్టి, చదును చేసి, జానెడు లోతు తడిసేలా నీళ్ళు పెట్టండి. బోరుకు అదే ఆఖరి పని. మరునాడు 25 మైక్రాన్ల, అంటే దుకాణాల్లో 100 గేజి అనే, తెల్లటి పారదర్శకమైన పాలిథిన్ షీటును నేలకు అంటుకునేలా లాగి పరచి, అంచులను చుట్టూ మట్టిలో పూడ్చండి. ఎండ షీటు గుండా దిగి తడిమట్టిని వేడెక్కిస్తుంది, ఆ వేడి బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. పై రెండంగుళాల మట్టి మధ్యాహ్న వేళ 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి అయిదారు వారాలు నిలిచేసరికి నులిపురుగులు, వడలు తెగులు బూజు, కలుపు గింజలు చాలావరకు నశిస్తాయి. నల్లషీటు తేవద్దు. మొదటిసారి నేను అదే తెచ్చి పరిచాను. కలుపు చచ్చింది గాని వేడినంతా షీటే పట్టుకోవడంతో మట్టికి చాలినంత వేడి అందలేదు, ఆ ఏడు టమాటా వేళ్ళకు మళ్ళీ అవే ఉబ్బులు వచ్చాయి. షీటుకు కుక్క గోళ్ళతో చిల్లి పెడితే వెంటనే టేపు అంటించమని అక్కగారితో చెప్పండి. మృగశిర కార్తె ప్రవేశించగానే దాన్ని తీసేయించండి. ఆ తరువాత మట్టిని లోతుగా తవ్వితే అడుగున బతికి ఉన్న పురుగులు, గింజలు పైకి వస్తాయి కాబట్టి కదపకూడదు. ఆగస్టు నెలాఖరులో ఒక వాన పడినప్పుడు పావుకిలో జనుము గింజలు చల్లిస్తే, మన జిల్లాలో ఎక్కువ వాన సెప్టెంబరులోనే కాబట్టి, మీరు వచ్చేనాటికి అది నడుమెత్తు పెరిగి పూత మీద ఉంటుంది. దిగిన వారంలోనే దాన్ని కోసి మట్టిలో కలిపేయిస్తే నవంబరులో టమాటా నారు నాటుకోవచ్చు.

మిన్నెసోటాలో చాలాచోట్ల మొదటి మంచు సెప్టెంబరు నెలాఖరుకూ అక్టోబరు మధ్యకూ నడుమ పడుతుంది కాబట్టి, మీరు తిరుగు ప్రయాణం కట్టే ముందు ఆ కోత కూడా మీ చేతి మీదుగానే జరిగే అవకాశం ఎక్కువ. అక్కడ కూడా వెనక్కి లెక్క ఇదే. ఆగస్టు చివరి వారానికల్లా టమాటా తలలు తుంచమని అమ్మాయికి చెప్పండి. రాత్రి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలకు దిగుతుందని అక్కడి వాతావరణ శాఖ చెప్పి, ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉంటే నేల మట్టాన మంచు పట్టవచ్చు. ఆ సాయంత్రమే టమాటా, మిరప, వంకాయ, సొర, బీర అన్నీ కోసి ఇంట్లో పెట్టుకోవాలి, మంచు తగిలిన కాయ నిల్వకు పనికిరాదు. క్యారెట్, క్యాబేజీ, పాలకూర మాత్రం తోటలోనే ఉంచండి, కొద్దిపాటి మంచు తగిలితే వాటిలో చక్కెర పెరిగి ఇంకా తియ్యబడతాయి. అమ్మాయి గోంగూర వేసి ఉంటే దాన్ని అన్నిటికంటే ముందు, వారం ముందుగానే కోసేయండి. ఆ మొక్క మంచు దాకా కూడా ఆగదు, రాత్రులు పది డిగ్రీలకు దిగగానే ఆకు పసుపుబారి రాలడం మొదలుపెడుతుంది.